నాబులు లేని స్టవ్వు

పొద్దున్న ఏడయ్యేసరికి మేట్రనమ్మ రెండు పొయ్యిల మీదా మొదటి వాయి వంట దించేసి, నలుగురు మనుషుల్ని మనసులోనే ఉతికి ఆరేసింది. మొదటివాడు సంఘం కోశాధికారి. చిల్లుపడ్డ కెటిల్ని విరాళంగా తెచ్చి, దాన్ని పట్టుకుని ఫొటో కూడా దిగిన ఘనుడు. రెండోది పక్కింటావిడ, మాసిపోయిన దుప్పటిని మడతపెట్టి, ఆ మడతలో తన దయాగుణం దాచి ఇచ్చిన మహాతల్లి. మూడోవాడు కట్టుకున్న మొగుడు, నాలుగోది తెచ్చుకున్న కోడలు. చివరి ఇద్దరికీ రోజూ ఈ వేళకి వంతు వస్తూనే ఉంటుంది కాబట్టి వాళ్లు ఏం చేశారన్నది ముఖ్యం కాదు.

మేట్రనమ్మ ముప్పై ఒక్కేళ్లు ప్రభుత్వాసుపత్రిలో పనిచేసి రిటైరైన మనిషి. ఉద్యోగం పోయినా పేరు పోలేదు, గొంతు అసలే పోలేదు. రిటైరైన నెలకి ఆవిడ శరణార్థుల ఆదరణ సంఘంలో చేరింది. ఆరు నెలలు తిరిగేసరికి సంఘమే వచ్చి ఆవిడలో చేరింది.

"ఏమండీ, నిన్న విరాళాల మూట విప్పితే ఏమొచ్చిందో తెలుసా? ఒంటి చెప్పు. అదీ ఎడంకాలిది."

హాల్లో పేపరు వెనకనుంచి జవాబొచ్చింది. "రెండోది వచ్చే ఏడాది ఇస్తారేమో. దాతలకి కూడా ఓపిక కూడాలిగా."

"మీకన్నీ వేళాకోళమే."

"నాదేముంది మేట్రన్ గారూ, నేను ఇన్‌పేషెంటుని. పెట్టింది తిని పడుకోవడమే నా పని."

కోడలు వంటింటి గుమ్మం దగ్గర చిన్న బల్ల ముందు కూర్చుని క్యారెట్లు తరుగుతోంది. గుమ్మం దాటి లోపలికి రావడం ఆ ఇంట్లో ఆ అమ్మాయికి అలవాటు లేదు. పెళ్లయిన వారంలో ఒకసారి గిన్నె మాడగొట్టింది. "పోన్లే, ఇక నువ్వు పొయ్యి దగ్గరికి రాకు, అంతా నేను చూసుకుంటాగా" అని మేట్రనమ్మ ఆరోజే తేల్చేసింది. ఆ చూసుకోవడం ఆరేళ్లుగా సాగుతోంది.

"అమ్మాయ్, ఇవి ముక్కలా, కట్టెపేళ్లా? మా వార్డులో ఆయాలు నయం. సగం చెయ్యి."

"సరే అత్తయ్యా."

"డబ్బాలు పదకొండున్నరకల్లా అందాలి. ఎప్పట్లా ఆ ముసలావిడకి నాలుగు తెలుగు మాటలు నేర్పి, డబ్బా ఖాళీ చేసిందో లేదో చూసి మరీ తీసుకురా. నిన్న మిగిల్చిందా?"

"లేదత్తయ్యా. ఖాళీ డబ్బాలే ఇచ్చారు."

"ఇవ్వక చస్తుందా! ఆ గుడారాల్లో ఇలాంటి తిండి కలలోనైనా చూసుంటారా?" అంటూ మేట్రనమ్మ మెత్తగా ఉడికించిన అన్నం మీద అంతకన్నా మెత్తగా ఉడికించిన కూర సర్ది, మూత బిగించింది. మూత మీద ఎర్ర పెయింటుతో ఆవిడ పేరుంది. సంఘం పేరు దానికింద, చిన్నక్షరాల్లో.

సంఘం చూసుకునే పదకొండిళ్లలో ఆ డబ్బాలు వెళ్లేది సైకిల్ షాపు మీదున్న రెండు గదుల వాటాకి. అందులో ఒక ముసలావిడ, ఆవిడ కోడలు ఉంటున్నారు. ముసలావిడ కొడుకు యుద్ధంలో పోయాడు. శిబిరంలో ఏడేళ్లు గడిపాక వాళ్లకి ఈ ఊరు రాసిపెట్టి ఉంది. వచ్చి డెబ్భై నాలుగు రోజులైంది. సంఘం పద్ధతి ప్రకారం మొదటి తొంభై రోజులూ కొత్తవాళ్లు వండుకోకూడదు. వంతులవారీగా సభ్యులే వండి పంపాలి. ఆ పద్ధతి పెట్టింది మేట్రనమ్మే. కొత్తగా చేరిన రోగిని మంచం దిగనివ్వరు, ఇదీ అంతే. వాటా తయారుచేసినప్పుడు స్టవ్వుకున్న నాలుగు నాబులూ తన చేత్తోనే పీకి, దూదిలో చుట్టి, హ్యాండ్‌బ్యాగులో వేసుకుంది. "కట్టెలు ఎగదోసుకున్న మనుషులు. గ్యాసు తిప్పి ఇల్లు తగలబెడితే జవాబు చెప్పేదెవరు?" అంటే సంఘమంతా తలూపింది. తలూపడంలో ఆ సంఘానికి మంచి పేరుంది.

సంఘం నియమాల్లో ఆరోది కూడా ఆవిడ రాసిందే. అందిన సాయాన్ని వృథా చేసినవాళ్లని తిరిగి శిబిరానికి పంపి, వరసలో ఉన్న మరో కుటుంబాన్ని పిలవాలి. శిబిరంలో వరసలో ఉన్నవాళ్లకి ఎలాగూ కొదవ లేదు.

* * *

పన్నెండున్నరకి ఫోను మోగింది. సైకిల్ షాపుకి ఎదురుగా కుట్టుమిషను పెట్టుకున్న దర్జీ. అతనూ సంఘం సభ్యుడే. బట్టలకన్నా ఎదుటివాళ్ల తప్పులు బాగా కొలుస్తాడు.

"మేట్రనమ్మగారూ, భోంచేశారా? మీరు చేశారో లేదో గానీ, ఇక్కడ మా పక్కన మేడ కడుతున్న కూలీలు మాత్రం మీ చేతి వంట సుబ్బరంగా తింటున్నారండీ."

"నా వంటేంటి, కూలీలేంటి?"

"మూత మీద మీ పేరు ఎర్రగా కనిపిస్తూనే ఉందండీ. అయితే ఒకటే వంక పెడుతున్నారు. ఉప్పు లేదంట. పొట్లం పక్కన పెట్టుకుని మరీ తింటున్నారు."

మేట్రనమ్మకి చెవులు వేడెక్కాయి. "వాళ్ల చేతికి ఎవరిచ్చారు?"

"అది నా నోటితో ఎందుకులెండి. ఇంటి గుట్టు. నాలుగింటికి మీటింగు ఉంది కదా, నేనే లేవనెత్తుతా. ఆరో నియమం మీరు రాసిందే కాబట్టి పెద్ద చర్చ కూడా అక్కర్లేదు. సాయంత్రానికే ఆ ఇద్దరికీ శిబిరం చీటీ రాసేయొచ్చు."

ఆవిడ చెప్పులేసుకుంటుంటే మొగుడు పేపరు దించాడు. "ఎక్కడికి? ఎమర్జెన్సీయా?"

"తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాళ్లని చూసొస్తా."

"మెల్లగా వెళ్లు. వాసాలెక్కడికీ పోవు."

ఎండ నడినెత్తిన ఉంది. మేట్రనమ్మ దారిపొడవునా మాటలు పోగేసుకుంటూ నడిచింది. ఏరు దాటి తెప్ప తగలేసే జాతి. ముద్ద పెట్టిన చేతిని కరిచే జాతి. పనికిమాలిన కూలీల ముందు తన పేరు, తన డబ్బా! ఈపూట వాళ్లని పంపించేయాల్సిందే. అడ్డుపడేవాళ్లెవరూ లేరు, తన మాటే సంఘం మాట.

సైకిల్ షాపు పక్కనుంచి ఇనుప మెట్లు. సగం ఎక్కేసరికి ముక్కు నిటారుగా నిలబడింది. పైనుంచి వేగుతున్న ఉల్లిపాయల వాసన. తలుపు తట్టే అలవాటు ఆవిడకి ఏ వార్డులోనూ లేదు. తన దగ్గరున్న తాళంచెవి పెట్టి తిప్పింది. తలుపు తెరుచుకునే లోపే నవ్వు వినిపించింది. పొట్ట పట్టుకుని, ఊపిరాడకుండా నవ్వే నవ్వు. ఆ నవ్వు ఎవరిదో మేట్రనమ్మ గుర్తుపట్టలేకపోయింది.

అది కోడలిది.

చేతులు మోచేతులదాకా మడిచి, బుగ్గమీద పిండి మరకతో, నేలమీద కాళ్లు చాపుకుని కూర్చుంది. ముసలావిడ స్టవ్వు ముందు నిలబడి, గరిటె తిప్పుతూ, ఎవరినో వెక్కిరిస్తున్నట్టు మూతి వంకర పెట్టి చూపిస్తోంది. స్టవ్వు మండుతోంది. నాబు ఉండాల్సిన చోట పొడుచుకొచ్చిన ఇనుప పుల్లని కటింగ్ ప్లయరు కరిచిపట్టుకుని ఉంది. ఆ ప్లయరు పిడి నీలం రంగుది. కరెంటాఫీసులో పనిచేసే తన కొడుకు పనిపెట్టెలోది. అది కనిపించడంలేదని రెండు నెలల కిందట ఇల్లంతా గాలించారు. అంటే ఈ వ్యవహారం నిన్నా మొన్నా మొదలైంది కాదు.

"ఆపండి! ముందు ఆ గ్యాసు ఆపండి!"

కోడలు లేచి నిలబడింది. నవ్వు ఎటుపోయిందో పోయింది. ముసలావిడ మాత్రం కంగారుపడలేదు. ప్లయరు పట్టుకుని పావువంతు తిప్పింది. మంట చిన్నదైంది.

"ఆపితే పాడవుతుంది. తగ్గించా," అంది. రెండు నెలల చదువులో మాటలు వచ్చాయి గానీ మన్ననలింకా రాలేదు.

మేట్రనమ్మ ముసలావిడని వదిలి కోడలి మీద పడింది. "నాలుగు మాటలు నేర్పమని పంపితే నువ్వు చేసే నిర్వాకం ఇదా? పొద్దున్నే లేచి నేను వండిందంతా కూలీల పాలు చేసి, ఖాళీ డబ్బాలు ఇంటికి తెచ్చి నా కళ్లకి గంతలు కడతావా? రేపు ఈ ఇల్లు కాలిపోతే నీ మొగుడొస్తాడా ఆర్పడానికి? ఇన్నాళ్లూ నంగనాచిలా 'సరే అత్తయ్యా, సరే అత్తయ్యా' అంటుంటే మెతకదానివనుకున్నా!"

"నన్నే అనండత్తయ్యా, పెద్దమ్మని కాదు. డబ్బాలు కూలీలకిచ్చింది నేనే. పారబొయ్యడానికి మనసొప్పక ఇచ్చా."

"ఆహా, ఎంత మనసు! నా తిండి అంత చేదుగా ఉందా వీళ్లకి? కాస్తయినా కృతజ్ఞత ఉండొద్దూ?"

ముసలావిడకి అంతా అర్థమవుతూనే ఉంది. గరిటె గిన్నె అంచుకి తట్టి పక్కన పెట్టింది.

"నీ తిండి చెడ్డది కాదు. జబ్బు మనిషికి మంచిది. నాకు జబ్బు లేదు. కృతజ్ఞత చెప్పా. మొదటి రోజు చెప్పా. రెండో రోజు చెప్పా. రోజూ కావాలా? అయితే రోజూ పొద్దున్న రా, నిలబడి చెప్తా. వంట మాత్రం నాది."

ముప్పై ఒక్కేళ్లలో మేట్రనమ్మతో ఎవరూ ఇలా మాట్లాడలేదు, సర్జన్లతో సహా. "వంటట వంట! గ్యాసంటే ఏంటో తెలుసా నీకు?"

కోడలు గొంతు సవరించుకుంది. "అత్తయ్యా, పెద్దమ్మ కాలేజీ హాస్టల్లో ఇరవై ఏడేళ్లు హెడ్ కుక్. మూడొందలమంది పిల్లలు, ఎనిమిది గ్యాసు పొయ్యిలు. కింద పన్నెండుమంది వంటవాళ్లు. ఎవరికి ఏది పడదో పేరుపేరునా గుర్తుండేదట."

"అబద్ధం. ఫారంలో 'వృత్తి: లేదు' అని ఉంది. నాకు బాగా గుర్తు."

"ఉంటుంది. రాసింది మీరేగా. ఈమెని అడగలేదు. అరవై దాటినవాళ్లకి ఆ గడి అక్కర్లేదని మీరే గీత కొట్టేశారు."

మేట్రనమ్మ ఏదో అనబోయింది. ఫారం నింపిన రోజు కళ్లముందు కదిలింది. ముసలావిడ బల్లకి అవతల కూర్చుని రెండుమూడుసార్లు నోరు తెరిచింది. "కంగారేం లేదమ్మా, అంతా మేం చూసుకుంటాం" అని తను ఆ చేతిమీద తట్టి, పేజీ తిప్పింది. ఆ తట్టడం కూడా ఫొటోలో పడింది.

"నాతో ఒక్క మాట చెప్పొచ్చుగా?" అంది, ఈసారి గొంతు కాస్త దిగి.

"ఎప్పుడు చెప్పనత్తయ్యా? మీరు నాతో మాట్లాడేది ముక్కల సైజు గురించేగా."

"నీకు కష్టం లేకుండా చూసుకున్నా! ఆరేళ్లుగా పొయ్యి సెగ తగలనిచ్చానా నీకు?"

"లేదు. బాగా చూసుకున్నారు," అంది కోడలు. కళ్లు నిండాయి గానీ మాట వణకలేదు. "డిశ్చార్జి ఎప్పుడో మాత్రం చెప్పలేదు."

గిన్నెలో ఏదో బుడబుడమంటోంది. ముసలావిడ ఈ అత్తాకోడళ్ల వైపు ఓసారి చూసి, ఇలాంటివి మూడొందలు చూశానన్నట్టు పెదవి విరిచి, ఒక కత్తి, నాలుగు బంగాళాదుంపలు తెచ్చి మేట్రనమ్మ చేతిలో పెట్టింది.

"నా కోడలు ఒకటిన్నరకి వస్తుంది. టైము లేదు. కూర్చో. తొక్క తియ్యి."

ఎందుకు కూర్చుందో మేట్రనమ్మకి తెలియదు. ఆ గొంతులో ఉన్న అధికారం ఆవిడకి పుట్టుకనుంచీ తెలిసిన భాష. మొదటి దుంప చెక్కుతుంటే ముసలావిడ వంగి చూసింది.

"సగం దుంప తొక్కలోనే పోయింది. నీకు కత్తి పట్టడం ఎవరు నేర్పారు?"

కోడలు చటుక్కున మొహం గోడవైపు తిప్పుకుంది. భుజాలు మాత్రం కదులుతున్నాయి.

ఒకటిన్నరకి ఆ రెండో కోడలు వచ్చింది. ఆసుపత్రి లాండ్రీలో తెల్లవారుజామున నాలుగింటి నుంచి తడిబట్టలు మోసే మనిషి. చేతులు నానిపోయి తెల్లగా పాలిపోయాయి. గుమ్మంలో మేట్రనమ్మని, మండుతున్న స్టవ్వుని చూసి అక్కడే ఆగిపోయింది. చేతిసంచీ గుండెకి అదుముకుంది.

"మమ్మల్ని పంపేస్తారామ్మా?" అంది మెల్లగా.

ముసలావిడ ఆ ప్రశ్న వినపడనట్టే కోడల్ని రెక్క పట్టుకుని లాగి కూర్చోబెట్టి, పొగలు కక్కే పళ్లెం ముందుకి తోసింది. ఆ అమ్మాయి భయంభయంగా ఒక ముద్ద పెట్టుకుంది. రెండో ముద్దకి భుజాలు కిందకి దిగాయి. మూడో ముద్దకి కళ్లు మూతలుపడ్డాయి. ముసలావిడ ఎదురుగా నిలబడి ఆ పిల్ల దవడలు కదలడం చూస్తోంది. రెప్ప కూడా కొట్టడంలేదు.

ఆ చూపు మేట్రనమ్మకి తెలుసు. పెట్టేవాళ్లకి ఉండే ఆకలి అది. పదకొండు ఇళ్లకి డబ్బాలు కడుతూ తను తీర్చుకుంటున్నదీ అదే. మొగుడు పోయి, కొడుకు పోయి, మూడొందలమంది పిల్లలూ చెల్లాచెదురై, ఏడేళ్లు గిన్నె పట్టుకుని వరసలో నిలబడి వచ్చిన మనిషికి ఒక స్టవ్వూ, పెడితే తినడానికి ఒక పిల్లా దొరికాయి. తను ముందుగానే వచ్చి ఆ స్టవ్వు నాబులు పీకి పెట్టుకుంది. పైగా దానికి థాంక్స్ రాలేదని ఎండనపడి వచ్చింది.

మేట్రనమ్మ బ్యాగు తెరిచి దూది పొట్లం తీసి గట్టుమీద పెట్టింది. ముసలావిడ విప్పి చూసి, నాలుగింటినీ ఒకదాని తర్వాత ఒకటి టక్కు టక్కుమని బిగించింది. ప్లయరుని గుడ్డతో తుడిచి తిరిగి ఇచ్చింది.

"మీ అబ్బాయిది. పని అయిపోయింది. తీసుకుపో."

* * *

మీటింగు నాలుగింటికి. ప్లీడరు అధ్యక్షుడు, కోశాధికారి, దర్జీ, మరో ముగ్గురు. మంచినీళ్ల సీసాల వెనక బుద్ధిగా కూర్చున్నారు. దర్జీ కొలతలన్నీ సిద్ధం చేసుకుని వచ్చాడు. కూలీల సంఖ్య, డబ్బాల సంఖ్య, ఉప్పు పొట్లం సంగతి, అంతా విన్నవించి, "మేట్రనమ్మగారి శ్రమ చూస్తే కడుపు తరుక్కుపోతోందండీ" అని కూర్చున్నాడు. తరుక్కుపోయిన కడుపున్న మనిషికి మొహంలో అంత వెలుగుండదు.

"అయితే ఆరో నియమమే," అన్నాడు ప్లీడరు పెన్ను మూత తీస్తూ. "చెప్పండి మేట్రనమ్మగారూ, మీ మాటే ఫైనల్."

ఆవిడ లేచి నిలబడింది. "తప్పు నాది," అంది.

ఆ గదిలో ఆ మాట అంతకుముందు ఎవరూ వినలేదు. ఎవరిదో అర్థంకాక ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకున్నారు.

"ఆవిడ మూడొందలమందికి వండిన మనిషి. నేను అడగలేదు. చేతనైన మనిషిని మంచానికి కట్టేసి, కదలొద్దని కోప్పడ్డా. స్టవ్వు నాబులు తిరిగిచ్చేశా. మిగతా పది ఇళ్లవీ రేపు ఇచ్చేస్తా. ఫారాలన్నీ మళ్లీ నింపుదాం. ఈసారి మనం నోరు మూసుకుని వాళ్లని చెప్పనిద్దాం."

"చాలా బావుంది," అన్నాడు ప్లీడరు ఎగతాళిగా. "రేపేదైనా పేలితే? నియమం మీరే పెట్టి మీరే తీసేస్తే సంఘం పరువేం కాను? పెద్దవారయ్యారు, కాస్త విశ్రాంతి తీసుకోండి. అంతా మేం చూసుకుంటాం."

అచ్చం అదే మాట. అవతలివాళ్ల చెవితో విన్నప్పుడు అది ఇలా ఉంటుందని మేట్రనమ్మకి ఇప్పుడే తెలిసింది.

"తప్పకుండా," అంది తాపీగా. "వాళ్లని శిబిరానికి పంపితే నేనూ మానేస్తా. వంతులు వంతులని పేరేగానీ, పదకొండిళ్లకీ వండుతోంది నేనొక్కదాన్నే. రేపట్నుంచి మీరు చూసుకోండి. ప్లీడరు గారు నాలుగిళ్లకి, దర్జీ గారు మూడిళ్లకి. ఐదింటికి లేస్తే సరిపోతుంది."

దర్జీ మొహంలో వెలుగు ఆరిపోయింది. కోశాధికారికి దగ్గొచ్చింది. మానవత్వం గురించి మూడేళ్లుగా మాట్లాడుతున్న ఆరుగురు పెద్దమనుషులు మూడు నిమిషాల్లో ఏకగ్రీవంగా ఆ కుటుంబాన్ని ఉండనిచ్చారు. జాలివల్ల కాదు, గరిటె భయంవల్ల. మేట్రనమ్మ వాళ్లని తిట్టుకోబోయింది గానీ, తనకి కూడా బుద్ధొచ్చి గట్టిగా మూడు గంటలే అయిందని గుర్తొచ్చి ఊరుకుంది.

* * *

ఇంటికొచ్చేసరికి ఆరయింది. కోడలింకా రాలేదు. మేట్రనమ్మ మీటింగునుంచి ఫోనులో చెప్పిన వార్త మోసుకుని సైకిల్ షాపు వైపు పరిగెత్తిందని మొగుడు చెప్పాడు. మేట్రనమ్మ హాల్లో కుర్చీలో కూర్చుంది. ఆరున్నర అయింది. ఏడయింది. రోజూ ఈపాటికి వంటయిపోయి, తిట్లు నడుస్తుంటాయి.

"మేట్రన్ గారూ, పొయ్యిలో పిల్లి లేవలేదేంటివాళ?" అన్నాడు మొగుడు. జవాబు రాకపోతే కళ్లజోడు సవరించుకుని పెళ్లాం మొహంలోకి చూశాడు. చూసి, తన కుర్చీ ఆవిడ దగ్గరికి జరుపుకున్నాడు.

వీధి తలుపు తెరుచుకుంది. కోడలు పరుగున వచ్చింది. చీకట్లో కూర్చున్న అత్తని చూసి ఉలిక్కిపడింది. "అత్తయ్యా! లైటైనా వేసుకోలేదేంటి? ఒంట్లో బాలేదా? ఇంకా వండలేదా?"

మేట్రనమ్మ నోరు తెరిచింది. అనాల్సింది చిన్న మాటే. కొన్ని వేలమంది ఆ మాట ఆవిడతో అన్నారు, మంచాల మీదనుంచి, వరసల్లోనుంచి, చేతులు చాపి. తను ఎవరి దగ్గరైనా ఎప్పుడైనా చెయ్యి చాపి ఆ మాట అన్నదా? ఎంత వెతికినా గుర్తురాలేదు.

"ఆకలేస్తోందే అమ్మాయ్," అంది చివరికి. "ఏదైనా పెట్టు."

కోడలు నమ్మలేనట్టు నిలబడిపోయింది. తర్వాత భుజాన ఉన్న సంచీ నేలమీదకి జారవిడిచి, ఒక్క అడుగులో వంటింటి గుమ్మం దాటింది. లోపల లైటు వెలిగింది. గిన్నెలు ఎక్కడున్నాయో తెలియక తలుపులన్నీ తెరుస్తున్న చప్పుడు.

"అత్తయ్యా, ఏం తింటారు?"

మేట్రనమ్మ రెండు చేతులతో మొహం కప్పుకుని, ముప్పై ఒక్కేళ్లలో ఏ వార్డులోనూ ఏడవని ఏడుపు ఏడుస్తోంది.

"నీకేది చెయ్యాలనుంటే అదేనటమ్మా," అన్నాడు మొగుడు ఆవిడ వీపుమీద చెయ్యివేసి. "ఇద్దరికీ పెట్టు."